ప్రధానమంత్రి సమీప భద్రత: ఎస్.పి.జి. డైరెక్టరు పదవి, రాష్ట్ర యంత్రాంగం బాధ్యతలు

దేశ ప్రధానమంత్రికి అత్యంత సమీపం నుండి రక్షణ కల్పించే బాధ్యతను స్పెషల్ ప్రొటెక్షన్ గ్రూప్ (ఎస్.పి.జి.) నిర్వహిస్తున్నది. ఈ దళానికి అధిపతి డైరెక్టరు. ప్రధానమంత్రి ఏ రాష్ట్రంలో పర్యటించినా, ఏ విదేశానికి వెళ్ళినా ఆయన చుట్టూ ఉండే తొలి రక్షణ వలయానికి ఈ అధికారే జవాబుదారీ. అయితే ఆ వలయానికి వెలుపల ఉండే రహదారి, సభాస్థలి, జనసమూహం, విద్యుత్తు, వైద్యం, సమాచార వ్యవస్థ వంటివన్నీ రాష్ట్ర ప్రభుత్వ యంత్రాంగం చేతిలో ఉంటాయి. అందువల్ల డైరెక్టరు పదవిలో ఆయుధబలం కంటే సమన్వయ బాధ్యతే అధికం. తనవారు కాని వందలాది ఉద్యోగులచేత నిర్ణీత సమయానికి నిర్ణీత పనిని చేయించడమే ఆ పదవికి అసలు పరీక్ష. ఈ పదవి ఆవిర్భావం, చట్టబద్ధ అధికారాలు, రాష్ట్ర, జిల్లా అధికారులపై ఉన్న విధులు, పాత్రికేయులు గమనించవలసిన అంశాలను ఈ వ్యాసం వివరిస్తున్నది.

పదవి ఆవిర్భావం

1981కి పూర్వం ప్రధానమంత్రి నివాస భద్రతను ఢిల్లీ పోలీసు శాఖలోని ప్రత్యేక భద్రతా విభాగం ఒక డిప్యూటీ కమిషనరు పర్యవేక్షణలో నిర్వహించేది. 1981 అక్టోబరులో ఇంటెలిజెన్స్ బ్యూరో ఆధ్వర్యంలో ఒక స్పెషల్ టాస్క్ ఫోర్స్ ఏర్పాటయింది. ఢిల్లీలోను, వెలుపలి పర్యటనల్లోను ప్రధానమంత్రి చుట్టూ వలయంగా ఉండి రక్షణ ఇవ్వడం, వాహనశ్రేణి వెంట వెళ్ళడం దాని విధులు.

1984 అక్టోబరు 31న ప్రధానమంత్రి శ్రీమతి ఇందిరాగాంధీ న్యూఢిల్లీలోని తమ నివాస ప్రాంగణంలోనే, రక్షణ విధుల్లో ఉన్న ఇద్దరు పోలీసుల కాల్పులకు బలి అయ్యారు. బయటి నుండి వచ్చే ముప్పును ఎదుర్కొనడానికి నిలిపిన మనుషుల నుండే ముప్పు రావడంతో మొత్తం వ్యవస్థను సమూలంగా పునఃపరిశీలించవలసి వచ్చింది. రక్షణ సిబ్బంది ఎంపిక, నేపథ్య పరిశీలన, నియామక స్థానాల కేటాయింపు ఎవరి బాధ్యత అన్న ప్రశ్నకు ఒకే అధికారి సమాధానం చెప్పగల ఏర్పాటు అవసరమని ప్రభుత్వం భావించింది.

1985 ఫిబ్రవరి 18న కేంద్ర హోం మంత్రిత్వ శాఖ బీర్బల్ నాథ్ కమిటీని నియమించింది. ఆ కమిటీ 1985 మార్చిలో నివేదిక సమర్పిస్తూ ప్రత్యేక రక్షణ విభాగం ఒకటి ఏర్పాటు చేయాలని సిఫారసు చేసింది. 1985 మార్చి 30న కేబినెట్ సచివాలయం కింద ఈ విభాగం కోసం 819 పోస్టులు మంజూరయ్యాయి. అనంతరం దీనికి స్పెషల్ ప్రొటెక్షన్ గ్రూప్ అని పేరు పెట్టారు. ఇన్స్పెక్టర్ జనరల్ హోదాగల పోలీసు అధికారి పదవిని డైరెక్టరుగా వ్యవహరించారు. దళం ఏటా ఏప్రిల్ 8న వ్యవస్థాపక దినోత్సవం జరుపుకుంటున్నది.

సుమారు మూడేళ్ళపాటు కేవలం కార్యనిర్వాహక ఉత్తర్వులపై పనిచేసిన ఈ దళానికి 1988లో పార్లమెంటు చట్టబద్ధత కల్పించింది. అదే 1988వ సంవత్సరపు 34వ నంబరు చట్టం, అనగా ఎస్.పి.జి. చట్టం.

చట్టంలోని ముఖ్యాంశాలు

ఈ చట్టాన్ని ఆకళింపు చేసుకోవడానికి మూడు అంశాలు కీలకం.

మొదటిది సమీప భద్రత అన్న పదానికి ఇచ్చిన నిర్వచనం. కాలినడకన, రోడ్డు, రైలు, విమాన, జల మార్గాల్లో గాని, మరే ఇతర సాధనం ద్వారా గాని చేసే ప్రయాణంలో అతి సమీపం నుండి ఇచ్చే రక్షణ ఇందులోకి వస్తుంది. కార్యక్రమాలు జరిగే స్థలాలు, నివాసం, విడిది కూడా దీని పరిధిలోనివే. చుట్టూ ఉండే వలయ బృందాలు, జనసమూహం నుండి వేరుచేసే రక్షణ వరుసలు, వేదిక చుట్టూ ఏర్పాట్లు, రక్షణ పొందే వ్యక్తి సమీపానికి రాకపోకల నియంత్రణ ఇందులో భాగాలు.

రెండవది అధికార విభజన. దళంపై సాధారణ పర్యవేక్షణ, ఆదేశాధికారం కేంద్ర ప్రభుత్వానివి. దళానికి నాయకత్వం వహించి నడిపించే అధికారం డైరెక్టరుది. డిప్యూటీ డైరెక్టర్లు, అసిస్టెంట్ డైరెక్టర్లు, జాయింట్ అసిస్టెంట్ డైరెక్టర్లు ఆయనకు తోడ్పడతారు.

మూడవది, రాష్ట్రాలకు అత్యంత ముఖ్యమైనది, 14వ సెక్షన్. డైరెక్టరు గాని, దళ సభ్యుడు గాని విధినిర్వహణ నిమిత్తం కోరినప్పుడు సహాయపడడం కేంద్ర ప్రభుత్వ మంత్రిత్వ శాఖలన్నింటికీ, ప్రతి రాష్ట్ర ప్రభుత్వానికీ, కేంద్రపాలిత ప్రాంతాల యంత్రాంగానికీ, విదేశాల్లోని భారత దౌత్య కార్యాలయాలకూ, స్థానిక సంస్థలకూ, పౌర, సైనిక అధికార వ్యవస్థలన్నింటికీ విధి అని ఈ సెక్షన్ నిర్దేశిస్తున్నది. ప్రధానమంత్రి పర్యటన సందర్భంగా జిల్లా అధికారులకు అందే కోరికలు మర్యాదపూర్వకమైన విజ్ఞప్తులుగా కనిపించినప్పటికీ వాటి వెనుక చట్టం ఉన్నదని గ్రహించవలసి ఉంటుంది.

డైరెక్టరు విధులు

2023 మే నెలలో కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన నూతన నిబంధనల ప్రకారం డైరెక్టరుగా అదనపు డైరెక్టర్ జనరల్ స్థాయికి తగ్గని భారత పోలీసు సర్వీసు అధికారిని నియమిస్తారు. డైరెక్టరు విధులను స్థూలంగా నాలుగు భాగాలుగా చెప్పవచ్చు.

సిబ్బంది: ఎస్.పి.జి.కి సొంతంగా నేరు నియామకాలు లేవు. కేంద్ర సాయుధ పోలీసు బలగాలు తదితర సంస్థల నుండి ఎంపికైనవారు డిప్యుటేషన్‌పై వచ్చి నిర్ణీత కాలం పనిచేసి మాతృసంస్థలకు తిరిగి వెళతారు. అఖిల భారత సర్వీసుల అధికారులు మినహా ఇతర సభ్యులను తొలుత ఆరేళ్ళ కాలానికి తీసుకోవాలని 2023 నిబంధనలు పేర్కొంటున్నాయి. ఈ విధంగా నిరంతరం మారుతుండే సిబ్బంది శిక్షణ ప్రమాణాలు ఏ దశలోను తగ్గకుండా చూడడం, నేపథ్యాన్ని నిశితంగా పరిశీలించడం డైరెక్టరు ప్రథమ కర్తవ్యం. 1984 నాటి విషాదం నేర్పిన పాఠం ఇదే.

ముందస్తు సమన్వయం: ప్రతి పర్యటనకు ముందు ఎస్.పి.జి. అధికారులు స్థలానికి చేరుకుని రాష్ట్ర పోలీసులు, ఇంటెలిజెన్స్ బ్యూరో, జిల్లా యంత్రాంగం, సంబంధిత శాఖలతో అడ్వాన్స్ సెక్యూరిటీ లైజన్ (ఏ.ఎస్.ఎల్.) సమావేశం నిర్వహిస్తారు. హెలిప్యాడ్, సభావేదిక, విడిది, ప్రధాన మార్గం, ప్రత్యామ్నాయ మార్గం, ఆసుపత్రి వంటి ప్రతి అంశంపై ఎవరు ఏమి చేయాలో అక్కడ నిర్ణయమవుతుంది. ఆ నిర్ణయాలను లిఖితపూర్వకంగా నమోదు చేస్తారు.

వనరులు: బుల్లెట్లను తట్టుకునే వాహనాలు, సమాచార పరికరాలు, తనిఖీ సామగ్రి, వైద్య సదుపాయం సిద్ధంగా ఉంచడం, వాటి కొనుగోలు, నిర్వహణ, లెక్కలు ఈ పదవి పరిధిలోనివే.

ముప్పు అంచనా: నిఘా సంస్థల నుండి అందే సమాచారాన్ని ఎప్పటికప్పుడు పరిశీలించి ఏర్పాట్లను అందుకు అనుగుణంగా మార్చుకోవలసి ఉంటుంది. ప్రజలను కలవడం ప్రజానాయకుని ధర్మం. ఆ కలయికకు అడ్డుపడకుండానే రక్షణ కల్పించడం ఈ అంచనాపైనే ఆధారపడి ఉన్నది.

1991 అనుభవం, చట్ట సవరణలు

1988 నాటి మూల చట్టం పదవిలో ఉన్న ప్రధానమంత్రికి, వారి సన్నిహిత కుటుంబ సభ్యులకు మాత్రమే వర్తించేది. 1989 డిసెంబరులో శ్రీ రాజీవ్ గాంధీ పదవి వీడిన అనంతరం ఆయనకు ఎస్.పి.జి. రక్షణ తొలగిపోయింది. 1991 మే 21న ఎన్నికల ప్రచారంలో భాగంగా విశాఖపట్నం నుండి విమానంలో మద్రాసు చేరుకున్న ఆయన, అదే రాత్రి శ్రీపెరుంబుదూరు సభాస్థలిలో ఆత్మాహుతి బాంబు దాడిలో మరణించారు. ఆయన వ్యక్తిగత భద్రతాధికారి, విధుల్లో ఉన్న పోలీసులు కూడా మృతులలో ఉన్నారు. భద్రతా లోపాలపై విచారణకు జస్టిస్ జె.ఎస్. వర్మ కమిషన్ నియమితమయింది. ఎస్.పి.జి. రక్షణ తొలగించినప్పుడు దానికి దీటైన ప్రత్యామ్నాయం లేకపోవడం ఆ విచారణలో ప్రధానాంశమయింది. దండలు వేయడానికి వచ్చేవారిని తనిఖీ లేకుండా నాయకుని సమీపానికి అనుమతిస్తే ఏమి జరుగుతుందో ఆ ఘటన దేశానికి చూపింది.

తెలుగువాడైన శ్రీ పి.వి. నరసింహారావు ప్రధానమంత్రిగా ఉన్న కాలంలో 1991లోనే చట్టాన్ని సవరించి, మాజీ ప్రధానమంత్రులకు, వారి సన్నిహిత కుటుంబ సభ్యులకు 5 సంవత్సరాల రక్షణ కల్పించారు. 1994లో ఈ గడువును 10 సంవత్సరాలకు పెంచారు. 1999లోను సవరణ జరిగింది. 2003 సవరణ ద్వారా మాజీ ప్రధానమంత్రులకు పదవి వీడిన నాటి నుండి 1 సంవత్సరం రక్షణ, ఆపై ముప్పు స్థాయినిబట్టి పొడిగింపు అనే పద్ధతి వచ్చింది.

2019 సవరణ ఈ పరిధిని మరింత కుదించింది. లోక్‌సభ 2019 నవంబరు 27న, రాజ్యసభ డిసెంబరు 3న ఆమోదించిన ఈ సవరణ ప్రకారం ప్రధానమంత్రికి, అధికార నివాసంలో వారితో కలిసి నివసించే సన్నిహిత కుటుంబ సభ్యులకు ఎస్.పి.జి. రక్షణ ఉంటుంది. మాజీ ప్రధానమంత్రికి, తమకు కేటాయించిన నివాసంలో కలిసి ఉండే సన్నిహిత కుటుంబ సభ్యులకు పదవి వీడిన నాటి నుండి 5 సంవత్సరాలు మాత్రమే ఈ సౌకర్యం లభిస్తుంది.

పరిధి మార్పు ప్రభావం బడ్జెట్‌లోను కనిపించింది. 2020-21 కేంద్ర బడ్జెట్‌లో ఎస్.పి.జి.కి రూ.592.55 కోట్లు కేటాయించగా, 2021-22 బడ్జెట్‌లో రూ.429.05 కోట్లు కేటాయించారు.

రాష్ట్ర యంత్రాంగం పాత్ర

పర్యటనలో సమీప భద్రత ఎస్.పి.జి.ది కాగా, మొత్తం భద్రతా ఏర్పాట్ల బాధ్యత రాష్ట్ర ప్రభుత్వానిది. ఈ విభజన, అనుసరించవలసిన విధివిధానాలు కేంద్ర హోం మంత్రిత్వ శాఖ జారీ చేసిన బ్లూ బుక్‌లో ఉంటాయి. ఇది గోప్య పత్రం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల్లో పోలీసు నిఘా విభాగం పరిధిలోని ఇంటెలిజెన్స్ సెక్యూరిటీ వింగ్ ప్రముఖుల భద్రతను పర్యవేక్షిస్తున్నది.

జిల్లా స్థాయిలో కలెక్టరు, పోలీసు సూపరింటెండెంటు లేదా కమిషనరు ఏర్పాట్లకు కేంద్రబిందువులు. రహదారి మరమ్మతులు, వేదిక, బారికేడ్ల పటిష్ఠతను రోడ్లు, భవనాల శాఖ పరిశీలిస్తుంది. నిరంతర విద్యుత్ సరఫరాను విద్యుత్ శాఖ, అంబులెన్సు, వైద్య నిపుణులు, రక్తనిల్వలను వైద్య, ఆరోగ్య శాఖ, ఆహార పదార్థాల పరీక్షను ఆహార భద్రతాధికారులు చూస్తారు. అగ్నిమాపక శకటాలు, బాంబు నిర్వీర్య దళాలు, జాగిలాల బృందాలు సంసిద్ధంగా ఉంటాయి. కాన్వాయ్ రిహార్సల్ నిర్వహించి ప్రయాణ సమయం, మలుపులు, అడ్డంకులను ముందుగానే గుర్తిస్తారు.

ఈ పనుల్లో ఏ ఒక్కటీ ఎస్.పి.జి. సిబ్బంది చేతులమీదుగా జరగదు. అయినా వీటిలో ఏది లోపించినా ఆ ప్రభావం సమీప వలయంపైనే పడుతుంది.

అలిపిరి ఘటన నేర్పిన పాఠం

వెలుపలి వలయం ప్రాధాన్యం తెలుగు ప్రజలకు అనుభవపూర్వకంగా తెలిసినదే. 2003 అక్టోబరు 1న అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి శ్రీ ఎన్. చంద్రబాబునాయుడు తిరుమల శ్రీవారి బ్రహ్మోత్సవాల సందర్భంగా పట్టువస్త్రాలు సమర్పించడానికి వెళుతుండగా, అలిపిరి సమీపంలో పీపుల్స్ వార్ తీవ్రవాదులు రహదారి పక్కన అమర్చిన క్లేమోర్ మందుపాతరలను పేల్చారు. ముఖ్యమంత్రి, ఆయనతో ప్రయాణిస్తున్న ప్రజాప్రతినిధులు గాయాలతో బయటపడ్డారు. అంతకు మూడున్నరేళ్ళ ముందు, 2000 మార్చి 7న, మంత్రి శ్రీ ఎ. మాధవరెడ్డి ఘట్‌కేసర్ వద్ద మందుపాతర పేలుడులో మరణించారు.

ముఖ్యమంత్రులు, మంత్రులు ఎస్.పి.జి. చట్టం పరిధిలోకి రారు. వారి భద్రత రాష్ట్ర పోలీసులు, సందర్భానుసారం కేంద్ర బలగాల బాధ్యత. అయితే భద్రతా నిర్వహణకు సంబంధించిన సూత్రం ఒక్కటే. ఆ రెండు ఘటనల్లోను ముప్పు వాహనానికి అతి సమీపంలో ఉన్నా, దానిని కనిపెట్టవలసిన పని ప్రయాణానికి ముందు రహదారి తనిఖీ బృందాలది. కల్వర్టులు, గట్లు, పొదలు, మలుపులను ప్రయాణానికి ముందు అంగుళం అంగుళం తనిఖీ చేయడం, తనిఖీ చేసిన మార్గాన్ని ప్రయాణం ముగిసేవరకు కాపలా లేకుండా వదలకపోవడం ఇందులోని కీలకాంశాలు.

ఫిరోజ్‌పూర్ ఘటన, సుప్రీంకోర్టు కమిటీ

ఎస్.పి.జి., రాష్ట్ర పోలీసుల మధ్య సమన్వయం ప్రాధాన్యాన్ని 2022 జనవరి 5 నాటి పంజాబ్ ఘటన మరోమారు చర్చనీయాంశం చేసింది. భఠిండా చేరుకున్న ప్రధానమంత్రి శ్రీ నరేంద్ర మోదీ హెలికాప్టరులో హుస్సేనీవాలాలోని జాతీయ అమరవీరుల స్మారకానికి వెళ్ళవలసి ఉండగా, ప్రతికూల వాతావరణం కారణంగా రోడ్డు మార్గంలో బయలుదేరారు. స్మారకానికి సుమారు 30 కిలోమీటర్ల దూరంలో ఆందోళనకారులు రహదారిని దిగ్బంధించడంతో కాన్వాయ్ 15 నుండి 20 నిమిషాలు ఒక ఫ్లైఓవర్‌పై నిలిచిపోయింది. అనంతరం ప్రధానమంత్రి వెనుదిరిగారు.

తప్పు మీదంటే మీదని కేంద్రం, రాష్ట్రం వాదించుకున్న నేపథ్యంలో సుప్రీంకోర్టు 2022 జనవరి 12న విశ్రాంత న్యాయమూర్తి జస్టిస్ ఇందూ మల్హోత్రా అధ్యక్షతన విచారణ కమిటీని నియమించింది. తెలుగువారైన అప్పటి ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ ఎన్.వి. రమణ నాయకత్వంలోని ధర్మాసనం ఆ కమిటీ నివేదికలోని ముఖ్యాంశాలను 2022 ఆగస్టు 25న బహిరంగ న్యాయస్థానంలో వెల్లడించింది. తగినంత బలగం అందుబాటులో ఉన్నప్పటికీ, ప్రధానమంత్రి ఆ మార్గంలో రానున్నట్టు 2 గంటల ముందే తెలిసినప్పటికీ, జిల్లా పోలీసు అధికారి శాంతిభద్రతల విధి నిర్వహణలో విఫలమైనట్టు కమిటీ అభిప్రాయపడింది. బ్లూ బుక్‌ను ఎప్పటికప్పుడు సవరించేందుకు పర్యవేక్షక కమిటీ ఉండాలని కూడా సూచించింది.

జిల్లా అధికారులు గమనించదగిన విషయం ఇందులో స్పష్టంగా ఉన్నది. వాతావరణం అనుకూలించనప్పుడు ఉపయోగించే ప్రత్యామ్నాయ రోడ్డు మార్గానికి కాగితంపై పేరు ఉంటే సరిపోదు. ప్రధాన మార్గానికి కేటాయించినంత శ్రద్ధతో దానికీ బందోబస్తు సిద్ధం చేయవలసి ఉంటుంది. ఆ మార్గం అవసరం కాకపోతే ఆ శ్రమ వృథా అయినట్టు కనిపించవచ్చు. అవసరమైన నాడు మాత్రం సిద్ధం చేసుకునే వ్యవధి ఉండదు.

పాత్రికేయులు గమనించవలసిన అంశాలు

భద్రతా వార్తల్లో కొన్ని పదాలు తరచు ఒకదానికొకటి కలిసిపోతున్నాయి. ఎస్.పి.జి. చట్టం ద్వారా నిర్దిష్ట వ్యక్తులకే పరిమితమైన దళం. జడ్ ప్లస్, జడ్, వై ప్లస్, వై, ఎక్స్ అనేవి ముప్పు అంచనానుబట్టి ప్రభుత్వం కేటాయించే రక్షణ శ్రేణులు. బ్లాక్ క్యాట్ కమెండోలుగా ప్రసిద్ధులైనవారు 1984లో ఏర్పాటై, 1986 చట్టం ద్వారా చట్టబద్ధత పొందిన నేషనల్ సెక్యూరిటీ గార్డు (ఎన్.ఎస్.జి.) దళంవారు. ప్రధానమంత్రి వెంట కనిపించే ఎస్.పి.జి. సిబ్బందిని ఆ పేరుతో పేర్కొనడం సరికాదు.

ఎస్.పి.జి. సభ్యులు ముందస్తు అనుమతి లేకుండా పత్రికలకు సమాచారం ఇవ్వడాన్ని, పుస్తకాలు ప్రచురించడాన్ని చట్టం నియంత్రిస్తున్నది. అందువల్ల పర్యటన స్థలంలో వారి నుండి వివరణ కోరడం వల్ల ప్రయోజనం ఉండదు. పర్యటన వివరాలకు పత్రికా సమాచార కార్యాలయాన్ని, రాష్ట్ర సమాచార, పౌర సంబంధాల శాఖను సంప్రదించవలసి ఉంటుంది. మీడియా ప్రతినిధుల జాబితాను పోలీసు పరిశీలనకు పంపిన అనంతరమే పాసులు జారీ అవుతాయి. చివరి క్షణంలో పేర్ల మార్పు కోరినప్పుడు ఎదురయ్యే ఇబ్బందికి ఈ పరిశీలనే కారణం. కెమెరాలు, లైవ్ ప్రసార పరికరాల తనిఖీకి కొంత సమయం పడుతుంది కనుక నిర్దేశిత సమయానికి ముందుగానే చేరుకోవడం ఉభయులకూ సౌకర్యం.

పర్యటనకు ముందు కాన్వాయ్ మార్గం, వాహనాల క్రమం, సిబ్బంది మోహరింపు వంటి వివరాలను ప్రచురించకుండా సంయమనం పాటించవలసి ఉంటుంది. ట్రాఫిక్ మళ్ళింపులపై పోలీసు శాఖ అధికారికంగా విడుదల చేసే ప్రకటన ప్రజల అవసరాలకు సరిపోతుంది. పర్యటన ముగిసిన తరువాత ఏర్పాట్లలోని లోపాలను, ప్రజలకు కలిగిన అసౌకర్యాన్ని ఎత్తిచూపే స్వేచ్ఛ పత్రికలకు ఎప్పుడూ ఉన్నది. అటువంటి వార్తలు రాసేటప్పుడు లోపం సమీప వలయంలో జరిగిందా, రాష్ట్ర యంత్రాంగం చూడవలసిన వెలుపలి ఏర్పాట్లలో జరిగిందా అన్నది తేల్చుకుని రాస్తే బాధ్యత ఎవరిదో పాఠకులకు స్పష్టమవుతుంది.

1984లో నివాస ప్రాంగణంలో, 1991లో సభాస్థలిలో, 2003లో ఘాట్ రోడ్డు మొదట్లో, 2022లో ఫ్లైఓవర్‌పై సంభవించిన ఘటనల స్వరూపాలు వేరు, పర్యవసానాలు వేరు. సిబ్బంది పరిశీలన, ప్రవేశ నియంత్రణ, రహదారి తనిఖీ, ప్రత్యామ్నాయ మార్గం అనే నాలుగు అంశాలూ వీటి నుండే తేలుతున్నాయి. వీటిలో మొదటిది పూర్తిగా డైరెక్టరు చేతిలో ఉన్నది. రెండవది ఎస్.పి.జి., రాష్ట్ర పోలీసులు కలిసి నిర్వహించవలసినది. మూడు, నాలుగు అంశాలు ప్రధానంగా రాష్ట్ర, జిల్లా అధికారుల కర్తవ్యాలు. ఏ.ఎస్.ఎల్. సమావేశంలో నమోదైన ప్రతి పనికి ఒక అధికారి పేరు, ఒక గడువు ఉండేలా చూసుకుని, పర్యటనకు ముందురోజు ఆ జాబితాను మరొకసారి సరిచూసుకోవలసిందిగా సంబంధిత శాఖల అధికారులకు సూచించడమైనది.